పాత మిలిటరీ రైఫిల్‌కి తూటాలు రీలోడ్ చేస్తున్నారా? ముందు ఇత్తడి కేసు సంగతి చూడండి

టెక్సాస్‌లో జింకల సీజన్ నవంబరు మొదట్లో మొదలవుతుంది. మన తిరుపతి, చిత్తూరు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన పిల్లల్లో కొందరు .303 తూటా వాడే పాత బ్రిటిష్ మిలిటరీ రైఫిళ్లు, అంటే లీ-ఎన్‌ఫీల్డ్‌లు కొనుక్కుని, సీజన్ దగ్గరపడేసరికి "మామా, ఏ కేసులు కొనాలి, ఒక్కోటి ఎన్నిసార్లు వాడచ్చు" అని ఫోన్ చేస్తుంటారు. కేసంటే తూటాలో మందు, గుండు పట్టి ఉంచే ఇత్తడి గొట్టం, పేలాక మళ్లీ నింపి వాడేది అదే. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా. ఊళ్లో ఉన్నవాళ్లకి మాత్రం ముందే ఒక మాట: 1959 ఆయుధాల చట్టం ప్రకారం మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడమూ, దగ్గర పెట్టుకోవడమూ నేరం. ఇది అక్కడి చట్టానికి లోబడి చేసుకునేవాళ్ల కోసమే.

కేసు ఎక్కడ చచ్చిపోతుందో తెలిస్తే ఏది కొనాలో సగం తెలిసినట్టే. చాలామంది మూతి దగ్గర పగులు కోసం వెతుకుతారు, అది కనబడే జబ్బు, దానివల్ల ప్రాణం మీదికి వచ్చేది తక్కువ. అసలు ప్రమాదం అడుగు నుంచి సుమారు ఒక సెంటీమీటరు పైన ఉంటుంది. పేలినప్పుడు కేసు ముందు భాగం ఉబ్బి చాంబరు (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) గోడను గట్టిగా పట్టుకుంటుంది, అడుగు మాత్రం బోల్టు (ఆ గదిని వెనక నుంచి మూసే కడ్డీ) దాకా వెనక్కి జరుగుతుంది, ఆ రెంటి మధ్య ఇత్తడి సాగి పలచబడుతుంది. లీ-ఎన్‌ఫీల్డ్‌లో బోల్టు లాక్ అయ్యేది వెనక వైపు, కాబట్టి పేలుడుకి కొంచెం వంగుతుంది. పైగా బురదలోనూ పనిచేయాలని వాటి చాంబర్లను వదులుగా కోశారు. మీరు ప్రతిసారీ కేసును పూర్తి పొడవునా డైలో (ఉక్కు అచ్చులో) నొక్కి కొత్తదాని కొలతకి తెచ్చారంటే, తీగను ఒకే చోట అటూ ఇటూ వంచినట్టే, ఏదో ఒక రోజు రెండు ముక్కలవుతుంది, వేడి గ్యాసు వెనక్కి మీ ముఖం వైపు వస్తుంది. కళ్లద్దాలు లేకుండా ఈ రైఫిళ్లు పేల్చకండి, అంతే.

అందుకే కేసు కొనకముందే తుపాకీని గన్‌స్మిత్ దగ్గర గేజ్ పెట్టించి చూపించుకోండి. .303 కి హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్టు ముందు కేసుకి దొరికే చోటు, రిమ్ము (కేసు అడుగున ఉండే అంచు) మీద ఆధారపడుతుంది, గో గేజ్ (దీని మీద బోల్టు మూసుకోవాలి) 0.064 అంగుళాలు, ఫీల్డ్ గేజ్ (దీని మీద మూసుకోకూడదు) 0.074. ఫీల్డ్ గేజ్ మీద బోల్టు మూసుకుపోతే ఎంత మంచి ఇత్తడి తెచ్చినా దండగ.

ఇక కేసులు. ప్రైమర్ అంటే అడుగున ఉండి, సూది తగిలితే మందుని అంటించే చిన్న మూత. బాక్సర్ రకంలో దాని వెనక మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది, డై సూదితో పాత ప్రైమర్‌ని సులభంగా తోసేయచ్చు. కొత్తవాళ్లకి నేను చెప్పేది బాక్సర్ ప్రైమర్ ఉన్న కొత్త కేసులు, ఒకే కంపెనీ, ఒకే లాటు. సెర్బియాలో తయారయ్యే ప్రవి పార్టిజాన్ కేసులు సులభంగా దొరుకుతాయి. గ్రీసు దేశపు మిలిటరీ సరుకు, అడుగున హెచ్ ఎక్స్ పి అని ఉంటుంది, దొరికితే వదలకండి, అది కూడా బాక్సరే. రిమ్ము మందం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మైక్రోమీటరుతో కొలిచి మందంగా ఉన్నవాటిని పక్కకి తీసి పెట్టుకోండి. మందపు రిమ్ము ఉంటే కేసు వెనక్కి జరిగే ఖాళీ తగ్గుతుంది, ఆ మేరకు ఆయుష్షు పెరుగుతుంది. మెడ దగ్గర నీలిమచ్చ లాంటి రంగు కనిపిస్తే పాతదనుకుని పారేయకండి, మెడను వేడిచేసి మెత్తబరిచిన గుర్తు అది, మిలిటరీ కేసుల్లో దాన్ని తుడవకుండా వదిలేస్తారు. మీరు సొంతంగా అలా వేడిచేస్తే మాత్రం మంట మెడ దాటి కిందికి రాకూడదు, అడుగు మెత్తబడిన కేసు ప్రమాదం.

పాత బ్రిటిష్, ఇండియన్ కేసులు బర్డాన్ రకం, లోపల మధ్యలో ఒక రంధ్రం బదులు రెండు చిన్నవి ఉంటాయి. మామూలు డై సూది దాంట్లో పెడితే విరిగిపోతుంది. వాటి జోలికి పోవద్దనే నా సలహా. మరీ పాతవాటి ప్రైమర్లలో పాదరసం ఉండేది, అది ఇత్తడిలోకి దిగితే పైకి నిగనిగలాడుతున్నా లోపల పెళుసు, ఏ పాలిషూ దాన్ని బాగుచేయదు. మౌజర్, రష్యన్ రైఫిళ్లకి కేసులు ఏరేటప్పుడు జేబులో అయస్కాంతం పెట్టుకోండి, ఇత్తడి పూత పూసిన ఉక్కు కేసులు దానికి అంటుకుంటాయి. మన దేశంలో తయారైన ఇషాపూర్ 7.62 రైఫిల్ ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి: మిలిటరీ కేసు గోడ మందం, లోపల చోటు తక్కువ, అందుకని దాదాపు అదే సైజు పౌర .308 కేసుకి రాసిన మందు కొలత అందులో పోస్తే ప్రెషర్ పెరుగుతుంది. తక్కువ నుంచి మొదలుపెట్టండి.

కొన్నాక ఆ కేసులు ఆ ఒక్క రైఫిల్‌కే. మొదటిసారి తేలిక లోడుతో, రిమ్ము ముందు సన్నని ఓ-రింగ్ తొడిగి పేలిస్తే కేసు బోల్టుకి ఆని ఉండి ముందుకి ఉబ్బుతుంది, అడుగు సాగదు. తర్వాత మెడ మాత్రమే సైజు చేయండి, బోల్టు మూయడం బిగుతుగా అనిపించినప్పుడు భుజాన్ని (మెడ కింద వాలుగా ఉండే భాగాన్ని) కొంచెం వెనక్కి నొక్కితే చాలు. పొడవు 2.222 అంగుళాలు దాటితే కత్తిరించాలి. ప్రతిసారీ పేపర్ క్లిప్ చివర వంచి లోపల అడుగు దగ్గర నుంచి పైకి గీరండి, చిన్న గాడి తగిలినా, బయట మెరిసే గీత కనిపించినా ఆ కేసు చెత్తలోకి. అనుమానం ఉంటే ఒకదాన్ని నిలువునా కోసి చూడండి, గోడ ఎంత పలచబడిందో కళ్లతో చూశాక మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

దాచడం గురించి చాలామంది పట్టించుకోరు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే, వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన తూటాల ఇత్తడి దానంతటదే పగిలిపోయేది, పేల్చకుండానే. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, ఇత్తడిలో మిగిలిన బిగుతు కలిసి చేసిన పని అది అని 1921లో తేలింది. మన చిత్తూరు వైపు పశువుల కొట్టంలో రాగి, ఇత్తడి సామాను పెట్టడం చూశాను కాబట్టి చెప్తున్నా, మీ ర్యాంచ్‌లో ఆవుల షెడ్డు, కోళ్ల షెడ్డు, యూరియా బస్తాల పక్కన కేసులు పెట్టకండి. అమ్మోనియా కలిసిన పాలిష్ ద్రావకాలతో తుడవకండి. చింతపండుతో తోమితే తళతళలాడతాయి కదా అని నానబెట్టి వదిలేయవద్దు, పులుపులో ఎక్కువసేపు ఉంటే జింకు పోయి గులాబీ మచ్చలు వస్తాయి, అవి కనిపించిన కేసు పనికిరాదు. పాత కేసులు దొర్లించి శుభ్రం చేసేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉంటుంది, మాస్కు వేసుకోండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి, చేతులు కడుక్కున్నాకే అన్నం.

ఇక్కడ పాత ఇంట్లో తాతగారి పెట్టెలో తుప్పు పట్టిన తూటాలు దొరికితే, సుత్తితో కొట్టి ఇత్తడి తీద్దామనో, పాతసామాన్ల వాళ్లకి అమ్ముదామనో అనుకోకండి. కదిలించకుండా 112 కి ఫోన్ చేయండి.