మోదుగ పూసిన వేళ పక్షులను చూడటం ఎలా?

వసంతం చైత్రంతో మొదలవుతుందని పంచాంగం చెబుతుంది గాని, మోదుగ చెట్టు ఉగాది దాకా ఆగదు. తెలంగాణ మెట్ట నేలల్లోనూ నల్లమల అంచుల్లోనూ ఫిబ్రవరి రెండో సగానికల్లా అది ఆకు రాల్చి, కొమ్మ కొమ్మకూ నారింజ ఎరుపు పూలతో నిండిపోతుంది. ఆకు అడ్డులేని ఆ కొద్ది వారాల్లో వాలిన ప్రతి పిట్టా స్పష్టంగా కనబడుతుంది కనుక, పక్షులను చూడటం నేర్చుకోదలచినవారు హోలీకి ముందే బయలుదేరాలి.

ఇందుకోసం అభయారణ్యానికే వెళ్లనక్కరలేదు. ఊరి బయటి బీళ్లలోనో పొలం గట్ల మీదో బాగా పూసిన ఒక్క చెట్టును ఎంచుకొని, పొలం ఎవరిదో వారితో ఒక మాట చెప్పి, తెల్లవారేసరికి అక్కడ ఉంటే చాలు. రిజర్వు అడవిలోకైతే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. పది చెట్లు తిరగడం కన్నా ఒక చెట్టు దగ్గర గంటసేపు కదలకుండా కూర్చోవడమే మేలని నా గట్టి నమ్మకం. సూర్యుడు మీ వెనుక ఉండేలా, చెట్టుకు ఇరవై మీటర్ల దూరంలో, మట్టి రంగు దుస్తులతో కూర్చోండి. కూర్చునే ముందు గడ్డినీ రాళ్ల సందులనూ ఒకసారి పరికించండి; కొమ్మలకు తేనెపట్టు ఉంటే ఆ చెట్టును వదిలేయండి. బైనాక్యులర్ కొనేవారికి 8×42 రకం, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే, ముందు కటకం 42 మిల్లీమీటర్ల వెడల్పున్నది, సరిపోతుంది.

మీ రాకతో ఎగిరిపోయిన పక్షులు కొంతసేపటికి తిరిగి వస్తాయి. రామచిలుకలు పూలను తుంచి, మొదలు కొరికి, కింద పడేస్తాయి. గోరింకలు, పిగిలిపిట్టలు (బుల్‌బుల్‌లు), తోక చీలిన ఏట్రింతలు (పసులపోలిగాళ్లు) తేనె కోసం మూతి ముంచుతాయి. ఒళ్లు గులాబీ రంగులో, తల నల్లగా ఉన్న గోరింకల గుంపు దిగితే ప్రత్యేకంగా గమనించండి; మధ్య ఆసియా వైపు నుంచి చలికాలానికి వచ్చిన ఆ వలస పక్షులు ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి.

అన్నిటికన్నా ఎక్కువసేపు చూడవలసింది ఊదారంగు తేనెపిట్టను. ఇతర కాలాల్లో వెలవెలబోయే మగపిట్ట ఇప్పుడు నీలం, ఊదా రంగుల్లో నిగనిగలాడుతూ, నల్లని ముఖమల్ లాంటి పూతొడిమ మీద కాళ్లు నిలదొక్కుకొని, వంపు తిరిగిన ముక్కును పూవులోకి దించుతుంది. అప్పుడు దాని తలకు అంటే పుప్పొడి మరో పూవును చేరుతుంది. ఉడుత కూడా ఇదే పని చేస్తుంది గనుక దాన్ని తక్కువగా చూడకండి.

ఫోనులో రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షులను రప్పించకండి. గూళ్లు కట్టుకొనే ఈ కాలంలో అది వాటి శ్రమను దోచుకోవడమే అవుతుంది. అలాగే ఎండుటాకులున్న చోట అగ్గిపుల్ల గీయకండి. హోలీ రంగు కోసం కొమ్మలు విరవడం చూస్తే బాధ కలుగుతుంది. రాలిన పూలను నీళ్లలో మరిగించినా రంగు దిగుతుంది.

ఏప్రిల్‌లో మోదుగ చిగురించాక కానుగ, వేప చెట్ల వంతు వస్తుంది. ఆ గుబురాకుల్లో పక్షిని కంటితో కన్నా చెవితోనే వెతకాలి. అందుకే మోదుగ మీద కనబడిన ప్రతి పిట్ట కూతనూ దాని రూపంతో కలిపి అప్పుడే గుర్తుపెట్టుకోవాలి.