ఇంట్లో ఒకరు మారథాన్‌కి ట్రైనింగ్ మొదలుపెడుతుంటే రెండోవాళ్ళు ముందే చూసుకోవాల్సినవి

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. దానికి తయారవడానికి మామూలుగా 16 నుంచి 20 వారాలు పడుతుంది, ఆ నాలుగైదు నెలలూ ఇంట్లో నిద్ర వేళలు, తిండి వేళలు, సెలవు రోజులు అన్నీ తారుమారవుతాయి. అందుకే రేసుకి పేరు ఇవ్వకముందే ఇద్దరూ కూర్చుని ప్లాన్ మొత్తం క్యాలెండర్ మీద రాసుకోండి. ముఖ్యంగా లాంగ్ రన్ రోజులు, అంటే వారంలో అన్నిటికంటే ఎక్కువ దూరం పరిగెత్తే రోజులు. చివరికొచ్చేసరికి అవి 30 కిలోమీటర్ల దాకా వెళ్తాయి, పరుగు మూడు నాలుగు గంటలే అయినా ఆ తర్వాత పడుకుని లేచేసరికి రోజంతా అయిపోతుంది. ఆ రోజు పిల్లల్ని ఎవరు చూస్తారో, మిగతా పనులు ఎవరివో ముందే తేల్చుకోవాలి. అలాగే వారంలో ఒక పూట మీకంటూ అదే క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. మా ఇంట్లో మొదట్లో అది లేక, పనంతా నా మీదే పడుతోందని నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇంతకంటే ముఖ్యమైంది నొప్పుల సంగతి. ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళు ఒక్క రోజు పరుగు మానడానికి కూడా ఒప్పుకోరు, అందుకని నొప్పిని దాచేస్తారు. మా ఆయన మెట్లు పక్కకి తిరిగి, రెయిలింగ్ పట్టుకుని దిగుతూ కూడా "ఏం లేదు, కొంచెం పట్టేసిందంతే" అనేవారు. కాబట్టి నొప్పిగా ఉందా అని అడక్కండి, ఎక్కడుందో ఒక్క వేలితో చూపించమనండి. రెండు కాళ్ళూ మొత్తంగా పీకుతూ రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే అది కండరాల నొప్పి, భయం లేదు. ఎముక మీద సరిగ్గా ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగి, పరిగెత్తేకొద్దీ పెరుగుతూ, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో సన్నటి చీలిక వచ్చి ఉండొచ్చు. పరుగు ఆపించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, గొడవైనా సరే.

బరువు తగ్గడానికి ఇదే మంచి సమయం అనుకుని తిండి తగ్గించేవాళ్ళుంటారు, అది ఒప్పుకోవద్దు. ఎంత అలిసినా నిద్ర పట్టకపోవడం, మాటిమాటికీ జలుబు, చిన్నదానికే చిరాకు, పొద్దున లేవగానే గుండె వేగం రోజూకంటే ఎక్కువగా ఉండటం, ఇవన్నీ శరీరం తేరుకోవట్లేదని చెప్పేవే. పరిగెత్తేది మీ ఆవిడైతే, నెలసరి ఆగిపోతే అది ట్రైనింగ్‌లో మామూలే అని వదిలేయకండి, ఎముకలు బలహీనపడతాయి. జ్వరం ఉన్న రోజు ఎవరైనా సరే పరుగు వద్దు. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా అక్కడితో ఆపేసి ఆసుపత్రికే.

తెల్లవారకముందు బయల్దేరితే బండ్ల లైట్లు పడగానే మెరిసే జాకెట్, ఫోన్‌లో లొకేషన్ షేరింగ్, ఏ దారిన వెళ్ళి ఎన్నింటికి వస్తారో ముందే చెప్పడం. ఈ మూడూ లేకుండా గడప దాటనివ్వకండి.

నీళ్ళ విషయంలో చాలామంది ఒకవైపే ఆలోచిస్తారు. గంటల తరబడి పరిగెడుతూ దాహానికి మించి నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, ప్రాణం మీదికి రావచ్చు. లాంగ్ రన్‌కి ముందూ తర్వాతా బరువు చూడమనండి, తిరిగొచ్చాక పెరిగి ఉంటే అవసరానికి మించి తాగినట్టే. తలనొప్పి, వాంతులు, వేళ్ళు ఉబ్బడం, మాట తడబడటం కనిపిస్తే ఇంకా నీళ్ళు పట్టించకుండా వైద్య సిబ్బందిని పిలవండి. ఎండలో పరిగెత్తి ఒళ్ళు కాలిపోతూ, అయోమయంగా మాట్లాడుతుంటే మాత్రం అది వడదెబ్బ కావచ్చు, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా వెంటనే చన్నీళ్ళతో ఒళ్ళు చల్లబరచాలి. ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుని రేసులో దిగనివ్వకండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలని దెబ్బతీస్తాయి.

చివరి రెండు మూడు వారాల్లో పరుగు తగ్గించేస్తారు. అప్పుడు లేని నొప్పులన్నీ వస్తాయి, టెన్షన్ మీ మీద చూపిస్తారు. ఓపిక పట్టండి, కొత్త షూస్ కొనకుండా మాత్రం చూడండి.

రేసు రోజు ఫినిష్ దగ్గరే నిలబడాలని లేదు. 30 కిలోమీటర్లు దాటాక ఒంట్లో నిల్వ ఉన్న శక్తి అడుగంటుతుంది, మీరు నిజంగా అవసరమయ్యేది అక్కడే. రోడ్డుకి ఎడమవైపా కుడివైపా అన్నది కూడా ముందే అనుకోండి, లేకపోతే ఆ జనంలో ఒకరికొకరు కనపడరు. "అయిపోవచ్చింది" అనకండి, ఇంకా ఎన్ని కిలోమీటర్లున్నాయో సరిగ్గా చెప్పండి. ఫినిష్ అయ్యాక వెంటనే కూర్చోనివ్వకుండా కాసేపు నెమ్మదిగా నడిపించండి, పొడి బట్టలు, వదులు చెప్పులు మీ బ్యాగులో ఉండాలి, ఇంటికి డ్రైవింగ్ మీదే. ఆ రోజైనా మర్నాడైనా మూత్రం కోలా రంగులో వస్తే కండరాలు బాగా దెబ్బతిని ఉండొచ్చు, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.