రైల్లో ‘ఫైన్’ పడిందా? ఎందుకు పడింది, ఎలా తేల్చుకోవాలి

రైల్లో టీటీఈ అడిగిన డబ్బు ఏదైనా సరే, మనం దాన్ని ఫైన్ అనేస్తాం. 1989 నాటి రైల్వే చట్టం మాత్రం దీన్ని రెండుగా విడదీస్తుంది. 138వ సెక్షన్ కింద టీటీఈ అక్కడికక్కడే వసూలు చేసేది అదనపు ఛార్జీ. 137వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు విధించేది అసలైన శిక్ష: ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ రెండోది మోసం చేయాలనే ఉద్దేశంతో ఎక్కినవారికి. పొరపాటున ఇరుక్కున్న మనిషి మొదటిదానితో బయటపడాలంటే, టీటీఈ వచ్చి పట్టుకునేదాకా ఆగకుండా తానే వెళ్లి చెప్పడం మంచిది.

సమస్య: టికెట్ ధర వందో నూటయాభయ్యో ఉంటుంది, అడిగింది అంతకు దాదాపు మూడింతలు

లెక్క ఇలా వేస్తారు. ముందు మామూలు ఛార్జీ. దానిపైన అదనపు ఛార్జీగా మళ్లీ అంతే మొత్తం లేదా 250 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. ఛార్జీ 180 అయితే చెల్లించాల్సింది 430. ఛార్జీ 600 అయితే 1,200. అంటే దూరం తక్కువైనా 250 రూపాయలు తప్పవు.

అసలు గుండె గుభేలుమనేది ఇక్కడ కాదు, ‘ఎక్కడి నుంచి’ అన్న దగ్గర. మీరు ఎక్కడ ఎక్కారో రుజువు లేకపోతే రైలు బయలుదేరిన స్టేషన్ నుంచి ఛార్జీ లెక్క కడతారు. విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్‌ను రాజమండ్రిలో పట్టుకున్నారనుకోండి. చేతిలో ఏమీ లేకపోతే మీరు ప్రయాణించని సుమారు 200 కిలోమీటర్లు కూడా మీ ఖాతాలోకి వచ్చి చేరతాయి.

పరిష్కారం: దారిలో అంతకుముందే టికెట్లు తనిఖీ చేసి ఉంటే, ఆ చోటు నుంచే లెక్క కట్టాలి. ఆ మాట టీటీఈకి మర్యాదగా గుర్తు చేయండి. పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ చేతిలో ఉంటే మీరు ఎక్కిన స్టేషన్‌కు అదే సాక్ష్యం. అంతమాత్రాన అది ప్రయాణ టికెట్ అయిపోదు. 250 రూపాయలు ఎలాగూ కట్టాలి. ‘ప్లాట్‌ఫాం టికెట్‌తో రైలెక్కేయవచ్చు’ అని ఫోన్లలో తిరిగే సందేశాలు ఈ సగం మాటను మింగేస్తాయి.

సమస్య: ఫోన్‌లో టికెట్ ఉంది, అయినా టికెట్ లేనట్టే అన్నారు

ఒకసారి జనరల్ బోగీలో నా ఎదుటి సీటు కుర్రాడు ధీమాగా ఫోన్ చాపాడు. వాళ్ల అన్న ఊళ్లో కూర్చుని టికెట్ తీసి వాట్సాప్‌లో పంపిన బొమ్మ అది. టీటీఈ దాన్ని వేలితో ఒకసారి పెద్దది చేసి చూసి, ‘యాప్ తెరువు బాబూ’ అన్నారు. ఆ ఫోన్‌లో యాప్ లేదు. కుర్రాడి ముఖం వాడిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, రైల్వే యాప్‌లో తీసే కాగితం లేని అన్‌రిజర్వ్‌డ్ టికెట్ ఆ ఫోన్‌కే కట్టుబడి ఉంటుంది. స్క్రీన్‌షాట్ చెల్లదు, యాప్‌లోనే తెరిచి చూపాలి. రైలెక్కాక తీద్దామన్నా కుదరదు, పట్టాల దగ్గర బుకింగ్ సాగకుండా యాప్‌లోనే కట్టడి ఉంది. ఇతరుల కోసం తీస్తున్నా, బ్యాటరీ మీద నమ్మకం లేకపోయినా కాగితం టికెట్ ఎంచుకుని స్టేషన్‌లో ముద్రించుకోవడం మేలు.

రిజర్వేషన్ ఈ-టికెట్ సంగతి వేరు. అక్కడ ఎస్సెమ్మెస్ చాలు, కానీ టికెట్‌లో ఉన్నవారిలో ఒకరి దగ్గరైనా అసలు గుర్తింపు కార్డు ఉండాలి. ఫోన్ ఆరిపోయి, కార్డు మాత్రం ఉంటే టికెట్‌కు 50 రూపాయలతో సరిపోతుంది. కార్డు లేకపోతే మొత్తం బృందాన్నే టికెట్ లేనివారిగా లెక్కిస్తారు. డిజిలాకర్‌లో ప్రభుత్వ శాఖ జారీ చేసిన పత్రాల విభాగంలోని ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతాయి. మీరే ఫొటో తీసి ఎక్కించుకున్నవి చెల్లవు.

సమస్య: వెయిటింగ్ లిస్టు టికెట్‌తో స్లీపర్ ఎక్కితే పట్టుకున్నారు

ఈ-టికెట్‌లో అందరూ వెయిటింగ్‌లోనే మిగిలిపోతే చార్టు తయారయ్యాక టికెట్ దానంతటదే రద్దవుతుంది, డబ్బు వెనక్కి వస్తుంది. ఆ తర్వాత రైలెక్కితే ఉత్త చేతులతో ఎక్కినట్టే. కౌంటర్‌లో కొన్నది అలా రద్దు కాదు, కానీ దానితో జనరల్ బోగీలోనే వెళ్లాలి. ఆర్‌ఏసీకి (ఇంకా పూర్తి బెర్తు ఖాయం కాని టికెట్‌కు) ఈ బాధ లేదు, కూర్చునే చోటు మీదే.

సమస్య: టికెట్ ఉంది, కానీ ఈ బోగీకి కాదు, లేదా ఈ రైలుకు కాదు

జనరల్ టికెట్‌తో స్లీపర్‌లో, ప్యాసింజర్ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్‌లో దొరికితే తేడా ఛార్జీతో పాటు అదనపు ఛార్జీ కూడా పడుతుంది. కౌంటర్ దగ్గర ఊరి పేరుతో పాటు రైలు పేరూ చెప్పి టికెట్ అడిగితే ఈ గొడవ రాదు.

బోర్డింగ్ స్టేషన్ మార్చుకున్నవారు కూడా జాగ్రత్త. మార్చాక పాత స్టేషన్‌లో ఎక్కే హక్కు పోతుంది. అక్కడే ఎక్కితే ఆ రెండు స్టేషన్ల మధ్య దూరానికి ఛార్జీ, అదనపు ఛార్జీ రెండూ కట్టాలి.

దిగాల్సిన ఊరు దాటి ఇంకా ముందుకు వెళ్లాలనిపిస్తే, ఆ స్టేషన్ రాకముందే టీటీఈకి చెప్పి పొడిగించుకోండి. అప్పుడు మిగతా దూరానికి ఛార్జీ కడితే చాలు. దాటిపోయాక పట్టుబడితే అదనపు ఛార్జీ తప్పదు. నిద్రపట్టేసిందంటే జాలి పడతారేమో, లెక్క మాత్రం మారదు.

సమస్య: టికెట్ కొనే వీలే దొరకలేదు

దీనికి చట్టంలో ఒక దారి ఉంది, చాలామందికి తెలియదు. రైలెక్కేముందు గార్డు దగ్గరికి (2022 నుంచి ఆయన హోదా పేరు ట్రైన్ మేనేజర్) వెళ్లి పరిస్థితి చెప్పి, తర్వాత ఛార్జీ కడతానన్న షరతు మీద అనుమతి పత్రం అడగవచ్చు. 55వ సెక్షన్ కింద ఇచ్చే ఆ పత్రం చేతిలో ఉంటే ఛార్జీ మాత్రమే తీసుకోవాలి, అదనపు ఛార్జీ పడదు. రైలు ఆగేది రెండు నిమిషాలైతే ఆఖరి పెట్టె దాకా పరుగెత్తే ఓపిక మాత్రం మీదే.

సమస్య: డబ్బు చాలలేదు, లేదా లెక్క తప్పనిపిస్తోంది

కట్టకపోతే విషయం మేజిస్ట్రేటు దాకా వెళ్తుంది. అక్కడా చెల్లించకపోతే పది రోజుల నుంచి నెల వరకు జైలు పడవచ్చు. రైలు నుంచి దింపేసే అధికారమూ ఉంది. అయితే మగతోడు లేని మహిళనైనా, పిల్లలనైనా ఎక్కడపడితే అక్కడ దింపకూడదు. ప్రయాణం మొదలుపెట్టిన స్టేషన్, జంక్షన్, చివరి స్టేషన్, జిల్లా కేంద్రం, వీటిలోనే దింపాలి. అదీ పగటిపూటే. ఇది 139వ సెక్షన్.

లెక్క తప్పనిపించినా రైల్లో వాదించి నెగ్గినవారిని నేను ఇంతవరకు చూడలేదు. డబ్బు కట్టి రసీదు తీసుకోండి. దాన్ని ఈఎఫ్‌టీ (ఎక్సెస్ ఫేర్ టికెట్) అంటారు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఛార్జీ ఎంత, అదనపు ఛార్జీ ఎంత అన్నది అందులో ఉందో లేదో టీటీఈ ముందే చూసుకోండి. రసీదు లేకుండా ‘సగం ఇవ్వండి చాలు’ అంటే అది రైల్వేకు చేరే డబ్బు కాదు, తర్వాత బోగీలో తనిఖీ జరిగితే మీ దగ్గర రుజువూ ఉండదు. టీటీఈ ఛాతీ మీది పేరు, రైలు నంబరు, బోగీ, సమయం రాసుకుని, ఇంటికి చేరాక రైల్వే హెల్ప్‌లైన్ నంబరు 139కి గానీ, రైల్వే ఫిర్యాదుల వేదిక రైల్‌మదద్‌లో గానీ రసీదు నంబరుతో ఫిర్యాదు పెట్టండి.