సిటీ బస్సెక్కి కొండలకు: విశాఖలో ఒక్క పూట నడకలు

కొండ ఎక్కడానికి బండి కన్నా బస్సే మేలు అంటే మా ఆయన నవ్వుతారు. స్కూటర్ మీద దింపుతానంటారు, నేను వద్దంటాను. బండి ఒకచోట పెట్టి కొండెక్కితే మళ్ళీ ఆ బండి దగ్గరికే దిగాలి. బస్సులో వచ్చినవాళ్ళకి ఆ బెంగ లేదు. ఇటు ఎక్కి అటు దిగి, అక్కడ దొరికిన బస్సులో ఇంటికి రావచ్చు. నేనూ మా వదినా రెండో శనివారాల్లో వెళ్ళేవన్నీ ఇలాంటి దారులే.

మొదట మాధవధార. 48 నంబరు బస్సులు అక్కడికే వెళ్తాయి. ఆఖరి స్టాపులో దిగి మాధవస్వామి గుడి ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. గుడి దగ్గర కొండలోంచి వచ్చే ధార ఉంది, మెట్ల దారి అక్కడి నుంచే మొదలు. ఈ దారి కొండ దాటి సింహాచలం గుడికి చేరుస్తుంది. సింహాచలం అంటే అడివివరం వైపు మెట్లూ, ఘాట్ రోడ్డూ మాత్రమే తెలిసినవాళ్ళు ఈ వెనక దారి చూసి ఆశ్చర్యపోతారు.

పొద్దున్న ఆరున్నరకల్లా మెట్ల దగ్గర ఉండాలి. మన ఊళ్ళో ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, తొమ్మిది దాటితే గాలి ఆడదు. మెట్లు అన్నిచోట్లా ఒకేలా లేవు. కొన్నిచోట్ల ఎత్తు ఎక్కువ, కొన్నిచోట్ల రాళ్ళ బాటే. ఈ కొండలది ఖొండలైట్ రాయి, ఎండకీ వానకీ పొడిపొడిగా రాలుతుంది. దిగేటప్పుడు ఆ గులకే జారుస్తుంది కాబట్టి చెప్పులు వద్దు, అడుగు అరిగిన బూట్లు అసలు వద్దు. వానాకాలంలో పచ్చదనం బాగుంటుంది కానీ మెట్లకి పాచి పడుతుంది, తుప్పలు దారి మూసేస్తాయి. ఆ రోజుల్లో కింద గుడి దగ్గర ఒక మాట అడిగి, నడిచే దారి ఉందంటేనే ఎక్కండి. ఒంటరిగా మాత్రం వద్దు. ఇద్దరైనా ఉండాలి, నలుగురైతే ఇంకా మంచిది.

తాపీగా నడిస్తే రెండు గంటల్లో గుడి దగ్గర తేలతారు. ఇక్కడ తొందరపడకండి. 1098 నాటి శాసనం ఉన్న గుడి ఇది, శ్రీకృష్ణదేవరాయలు 1516లో వచ్చి వేయించిన శాసనం కూడా ఉంది. దర్శనం అయ్యాక నిత్యాన్నదానంలో భోజనం చేసి, అడివివరం వైపు వెయ్యి మెట్లు దిగితే తొలిపావంచా, అంటే కింది నుంచి ఎక్కేవాళ్ళకి మొదటి మెట్టు. పక్కనే కొండ కింద బస్టాండు, అక్కడ 28, 6ఏ ఉంటాయి. సీజన్లో మెట్ల పక్కన సింహాచలం అనాసపళ్ళు, పనస తొనలు, సంపెంగ పూలు అమ్ముతారు. మా వదిన అనాస కొనకుండా బస్సెక్కదు. ముళ్ళు పక్క సీటామెకి గుచ్చుకుంటాయని నేను అంటూనే ఉంటాను.

రెండు సందర్భాల్లో ఈ దారి పెట్టుకోకండి. ఒకటి వైశాఖంలో చందనోత్సవం, రెండోది ఆషాఢ పౌర్ణమికి ముందు గిరి ప్రదక్షిణ. ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆ నడకే కావాలంటే జనంతో కలిసి హాయిగా నడవండి, కానీ బస్సుల మీద ఆశ పెట్టుకోవద్దు.

బస్సు చార్జీ సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకోవాలి. డబ్బులు లేవు కదా అని టికెట్ అడగకుండా కూర్చోకండి. మగవాళ్ళు చిల్లర పెట్టుకుంటే కండక్టరుతో గొడవుండదు.

ఇక సముద్రం వైపు, తొట్లకొండకి. రుషికొండ మీదుగా భీమిలి వెళ్ళే 900కె ఎక్కాలి. బోర్డు మీద భీమిలి అని చూసి ఏదో ఒకటి ఎక్కేయకండి, కొన్ని బస్సులు హైవేలో ఆనందపురం మీదుగా తిరిగి వెళ్తాయి, వాటిలో తొట్లకొండ తగలదు. వెళ్ళేటప్పుడు కుడి వైపు కిటికీ పట్టుకోండి, సముద్రం అటే. ఎక్కగానే కండక్టరుకి "తమ్ముడూ, తొట్లకొండ రోడ్డు దగ్గర దింపు" అని చెప్పి పెట్టండి. కునుకు తీస్తే భీమిలిలో లేస్తారు.

రోడ్డు నుంచి పైకి వంకర్ల తారు రోడ్డు ఉంది. కార్లు హారన్ కొడుతూ దూసుకుపోతాయి, కాబట్టి వంపుల దగ్గర జాగ్రత్త. నీడ తక్కువ. పైన సుమారు రెండువేల ఏళ్ళ కిందటి బౌద్ధారామం ఉంది. 1970లలో నౌకాదళం స్థావరం కోసం సర్వే చేస్తుంటే బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వారు. రోమన్ వెండి నాణేలు, శాతవాహనుల సీసపు నాణేలు దొరికాయి. అందరూ స్తూపం ముందు ఫొటో దిగి వెళ్ళిపోతారు. నన్నడిగితే చూడాల్సింది రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు. బావి తవ్వడానికి వీల్లేని ఆ బండ మీద భిక్షువులు ఏడాదంతా ఉండగలిగారంటే వాన నీళ్ళని ఇలా పట్టి దాచుకోబట్టే. వాటి అంచున కాసేపు కూర్చున్నాక మన సీసాలో నీళ్ళు పొదుపుగా తాగాలనిపిస్తుంది. మనిషికి రెండు లీటర్లు కింది నుంచే మోసుకెళ్ళాలి. ఉప్పేసిన మజ్జిగ ఇంకో సీసా అయితే ఇంకా మంచిది.

దిగి రోడ్డు దాటితే మంగమారిపేట. ఇసుక పట్టున నడిస్తే అలలు తొలిచిన రాతి తోరణం కనిపిస్తుంది. దీన్ని ఆటు సమయంలోనే చూడాలి. పోటులో నీళ్ళు రాళ్ళ దాకా వస్తాయి, కాలు పెట్టిన రాయి నున్నగా జారుతుంది. బయల్దేరే ముందు ఆ రోజు ఆటు వేళ ఫోన్లో చూసుకోండి, లేదా వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళని అడగండి. తోరణం మీదికి ఎక్కొద్దు. స్నానం మాట అసలు తలపెట్టొద్దు. ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఈత బాగా వచ్చినవాళ్ళని కూడా మింగాయి.

ఓపిక మిగిలితే మళ్ళీ 900కె ఎక్కి భీమిలికి ఇవతల ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగండి. అయితే రెండూ ఒకే పూట పెట్టుకుంటే మధ్యాహ్నం ఎండ తప్పదు. డిసెంబరు, జనవరిలో పర్వాలేదు. ఏప్రిల్లో అయితే మరో రోజుకి వాయిదా వేసి, ముంజెలు తిని ఇంటికి రండి. ఈ దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం, ఇలాంటివి మన దేశంలో తమిళనాడు తీరంలో తప్ప పెద్దగా లేవు. వాన నీళ్ళు కోసిన సందులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. నాలుగు మలుపులు తిరిగేసరికి ఎటు వచ్చామో తెలియదు. అందుకే లోపలికి వెళ్ళేటప్పుడు సముద్రం చప్పుడు ఏ వైపుందో గుర్తుపెట్టుకోవాలి. మట్టి చాలా మెత్తన. అంచుల మీద నడిస్తే పెళ్ళలు ఊడుతాయి, మనమూ పడతాం. వాన మొదలైతే సందుల్లోంచి వెంటనే బయటికి రండి.

భీమిలిలో పావురాలకొండ చిన్న ఎక్కుడే. బస్టాండు నుంచి నడిచి పోవచ్చు. నరసింహస్వామి గుడి దాటి పైకెక్కితే ఇక్కడా బౌద్ధుల తొట్లు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు కనిపిస్తాయి. దిగాక డచ్చివాళ్ళ సమాధులు ఒక చూపు చూసి రావచ్చు.

కంబాలకొండ గురించి అడుగుతుంటారు. హైవే మీద జూ దగ్గర దిగడమే, బస్సులకి కొరత లేదు. టికెట్ కొనాలి, గుర్తు పెట్టిన దారుల్లోనే నడవాలి. చిరుతలున్న అభయారణ్యం, అటవీశాఖ వాళ్ళు చెప్పినచోటే తిరగండి. పిల్లలతో మొదటిసారి అయితే నేను దీన్నే చెప్తాను, నీడ బాగుంటుంది.

తిరుగు బస్సు మాట ముందే తేల్చుకోండి. బస్సు దిగగానే ఎదురు స్టాపులో టీ కొట్టు ఉంటే అక్కడే అడగండి, సాయంత్రం బస్సు ఎంతసేపటికొకటి వస్తుందో వాళ్ళకి తెలిసినంత ఫోన్‌కి తెలియదు. బీచ్ రోడ్డు వైపు ఆదివారం సాయంత్రం బస్సులు రుషికొండ చేరేసరికే కిక్కిరిసిపోతాయి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర చెయ్యెత్తితే ఆగకపోవచ్చు కూడా. అలాంటప్పుడు మేం ఎదురొచ్చే బస్సులో భీమిలి దాకా వెళ్ళిపోయి, బస్టాండులోనే ఖాళీ బస్సు ఎక్కి కూర్చుంటాం. ఆడవాళ్ళకి దానికి అదనంగా ఖర్చేమీ లేదు. ఈసారి సముద్రం ఎడమ వైపు.