మాక్ పోల్: క్లియర్ చేయడం మరిచారంటే కౌంటింగ్ రోజు దాకా చిక్కే

ప్రిసైడింగ్ అధికారులారా, మాక్ పోల్ అంటే ఓటింగ్ యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో అసలు పోలింగ్‌కు ముందు వేసి చూసే ఉత్తుత్తి ఓటింగ్. పోలింగ్ ఏడింటికైతే ఇది అయిదున్నరకే మొదలవ్వాలి. అభ్యర్థుల తరఫు ఏజెంట్లు కనీసం ఇద్దరుండాలి; రాకపోతే పావుగంట చూసి మొదలుపెట్టేయండి.

బ్యాలెట్ యూనిట్ (ఓటరు బటన్ నొక్కేది) కేబుల్ వీవీప్యాట్‌కు (ఓటు చీటీ అచ్చువేసి చూపేది), వీవీప్యాట్ కేబుల్ కంట్రోల్ యూనిట్‌కు (ఓట్లు లెక్కపెట్టుకునేది, మీ దగ్గరుండేది) కలపాలి. కంట్రోల్ యూనిట్ ఆఫ్‌లో ఉన్నప్పుడే కలపాలి, ఆఫ్ చేశాకే తీయాలి. వీవీప్యాట్ వెనక నాబ్ అడ్డంగా ఉందంటే పేపర్ రోల్ లాకై ఉన్నట్టు. నిలువుగా తిప్పాకే స్విచ్ వేయండి. కిటికీకి ఎదురుగా, నేరుగా బల్బు కింద వీవీప్యాట్ పెట్టొద్దు. వెలుతురు పడితే సెన్సర్లు ఎర్రర్ చూపిస్తాయి.

స్విచ్ వేయగానే వీవీప్యాట్ తనను తాను పరీక్షించుకుంటూ 7 చీటీలు వదులుతుంది. అవి ఓట్లు కావు, లెక్కలో కలపకండి.

నోటాతో సహా ప్రతి బటన్‌కూ కనీసం ఒక ఓటు, మొత్తం 50కి తగ్గకుండా వేయాలి. 2019లో నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది నిలబడ్డారు. యూనిట్‌కు 16 బటన్లు కాబట్టి 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. అలాంటి చోట 50 ఏ మూలకూ చాలదు. ఎవరికి ఎన్ని వేశారో కాగితం మీద గీతలు పెట్టుకోండి. చీటీ వీవీప్యాట్ అద్దం కిటికీలో 7 సెకన్లు కనబడి, తెగి, పెట్టెలో పడ్డాకే తర్వాతి ఓటు.

ఇక అసలు పని. కంట్రోల్ యూనిట్ మీది క్లోజ్, రిజల్ట్, క్లియర్ బటన్లు: ఈ వరుసలోనే నొక్కాలి. రిజల్ట్‌నూ, చీటీలనూ, మీ గీతలనూ ఏజెంట్ల ముందే సరిచూడండి. క్లియర్ అయ్యాక టోటల్ నొక్కి సున్నా చూపించండి. ఇది మరిస్తే మాక్ ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి, 17సీ ఫారంలో రాసే, పోలైన ఓట్ల లెక్క తప్పుతుంది. పొద్దున్నే బయట క్యూ పెరుగుతుంటే కంగారులో జరిగే పొరపాటిదే.

కంట్రోల్ యూనిట్ ఆఫ్ చేసి వీవీప్యాట్ పెట్టె తెరవండి. ప్రతి చీటీ వెనక మాక్ పోల్ ముద్ర వేసి, నల్ల కవర్లో పెట్టి లక్కతో సీలు వేయండి. ఆ కవరును ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, చుట్టూ గులాబీ రంగు పేపర్ సీల్ అంటించి సంతకాలు తీసుకోండి. ఖాళీ పెట్టెలోకి ఏజెంట్లను తొంగి చూడనివ్వండి. మీ మాట కన్నా వాళ్ల కన్ను మేలు. ఆ తర్వాతే కంట్రోల్ యూనిట్‌కు గ్రీన్ పేపర్ సీల్, స్పెషల్ ట్యాగ్ వేసి సీలు చేయాలి.

పోలింగ్ మధ్యలో వీవీప్యాట్ ఒక్కటే మొరాయిస్తే అదొక్కటే మార్చాలి, మాక్ పోల్ అక్కర్లేదు. కంట్రోల్ యూనిట్ గానీ బ్యాలెట్ యూనిట్ గానీ పాడైతే మొత్తం సెట్టు మార్చి, నోటాతో సహా ఒక్కొక్కరికి ఒక్కో ఓటు వేసి చూసి, మళ్లీ క్లియర్ చేసి చీటీలు తీసేయాలి.