70 దాటిన అమ్మానాన్నలకి ఆయుష్మాన్ కార్డు: ఎలా తీయించాలి, ఆసుపత్రిలో ఎలా వాడాలి

70 దాటినవాళ్లకి కేంద్రం ఇచ్చే ఉచిత వైద్యం కార్డు, అదే ఆయుష్మాన్ వయ వందన కార్డు, 2024 అక్టోబర్ 29న మొదలైనప్పటి నుంచి చుట్టాల గ్రూపుల్లో ఇదే టాపిక్, ఒకరేమో 5 లక్షలు ఫ్రీ అంటారు, ఇంకొకరు మనకి తెల్ల రేషన్ కార్డు లేదుగా రాదులే అంటారు, షుగర్ ఉంటే ఇవ్వరంట అని మరొకరు. ఇవన్నీ విని పెద్దవాళ్లు అసలు అప్లై చేయకుండా ఊరుకుంటున్నారు, అదే నా బాధ.

ఆదాయంతో పని లేదండి, ఆధార్‌లో వయసు 70 నిండితే చాలు. షుగర్, బీపీ, పాత గుండె జబ్బు ఏదున్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఉన్నా తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం), ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికులది) లాంటివి ఉన్నవాళ్లు మాత్రం అదో ఇదో ఒకటే ఎంచుకోవాలి, ఇక్కడ తొందరపడొద్దు, ఇప్పుడున్న దాంట్లో ఏమేం వస్తున్నాయో చూసుకున్నాకే మారండి. ఇంకోటి, 5 లక్షలు ఏడాదికి కుటుంబంలో 70 దాటినవాళ్లందరికీ కలిపి, అంటే ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే ఇద్దరూ అందులోంచే వాడుకోవాలి, చాలామంది ఒక్కొక్కరికీ 5 అనుకుంటున్నారు.

తీయించడం కష్టమేం కాదు. ఫోన్‌లో ఆయుష్మాన్ యాప్ వేసుకుని, మొబైల్ నంబర్‌తో లాగిన్ అయ్యి, 70 దాటినవాళ్ల ఆప్షన్‌లో ఆధార్ నంబర్ కొట్టి ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని నిర్ధారించడం) చేయాలి. ముసలివాళ్లకి వేలిముద్రలు అరిగిపోయి పడవు కదా, ఆధార్‌కి ఫోన్ నంబర్ లింక్ అయ్యుంటే ఓటీపీతో అయిపోతుంది. పుట్టిన సంవత్సరం తప్పు పడి వయసు తక్కువ చూపిస్తుంటే ముందు ఆధార్ సెంటర్‌లో సరిచేయించుకోవాలి, వేరే దారి లేదు.

కార్డు వచ్చింది కదా అని ఏ ఆసుపత్రికి పడితే ఆ ఆసుపత్రికి వెళ్తే మాత్రం పని అవ్వదు, జనం కోపమంతా ఇక్కడే. ఆసుపత్రి పథకంలో ఉండాలి, అంతేకాదు మీ జబ్బుకి సంబంధించిన విభాగం కూడా ఉండాలి, కళ్ల ఆపరేషన్లకి మాత్రమే ఉన్నచోటికి గుండెకి వెళ్తే వెనక్కి పంపేస్తారు, ఆ వయసులో ఆటోలో అటూ ఇటూ తిప్పడం ఎంత నరకమో ఆలోచించండి. అందుకే బాగున్నప్పుడే 14555కి ఫోన్ చేసి దగ్గర్లో గుండెకి ఎక్కడ, కిడ్నీకి ఎక్కడ, మోకాళ్లకి ఎక్కడ అని అడిగి రాసిపెట్టుకోండి.

నెలనెలా బీపీ మాత్రలు, ఊరికే డాక్టర్‌కి చూపించుకోవడం ఇందులో రావు, అడ్మిట్ అయితేనే. అడ్మిట్‌కి ముందు 3 రోజుల టెస్టులు, డిశ్చార్జ్ అయ్యాక 15 రోజుల మందులు మాత్రం ప్యాకేజీలోవే, ఇవి తెలియక చాలామంది సొంత డబ్బు కట్టేస్తున్నారు.

ఆసుపత్రిలోకి వెళ్లగానే ముందు ఆరోగ్యమిత్ర, అంటే పథకం పనుల్లో సాయం చేసే మనిషి, ఎక్కడున్నారో అడగండి, ఆరోగ్యశ్రీ వాడినవాళ్లకి ఇది అలవాటే. ఆపరేషన్‌కి అనుమతి అడుగుతూ ఆసుపత్రి నుంచే పంపిస్తారు. అప్రూవల్ వచ్చాక కూడా డిపాజిట్ కట్టమంటే ఎందుకో కాగితం మీద రాసిమ్మనండి, కట్టించుకుంటే రసీదు వదలొద్దు, అక్కడినుంచే 14555కి కంప్లైంట్ ఇచ్చి ఆ నంబర్ ఫోన్‌లో దాచుకోండి.