ఖాళీ బండిలో టకటక: పికప్ కింది శబ్దాన్ని పట్టుకునే పద్ధతి

పికప్ కింద శబ్దం వస్తోందంటే ఎవరైనా మొదట అడిగేది "ఎక్కడి నుంచి?" అని. ఆ ప్రశ్నను నేను చివరికి ఉంచుతాను. ఛాసిస్ అంటే ముందు నుంచి వెనక దాకా సాగే రెండు పొడవాటి ఇనుప దూలాలు. ఒక చివర తగిలిన దెబ్బ ఇంకో చివర వినిపిస్తుంది. వెనక ఎడమ కమాన్ (బండి బరువు మోసే వంపు ఇనుప పట్టీల కట్ట) దగ్గర టక్కుమంటే, డ్రైవరు సీటు కిందే ఏదో విరిగిందనిపిస్తుంది. చెవి చూపిన చోటల్లా సామాను మారుస్తూ పోతే జేబు ఖాళీ అవుతుంది, శబ్దం మాత్రం అలాగే ఉంటుంది. అడగాల్సింది "ఎప్పుడు?" అని. లోడుతోనా, ఖాళీగానా? బ్రేకు తొక్కినప్పుడా, వదిలినప్పుడా? ఒక చక్రం గుంతలో దిగితేనా, రెండూ కలిసి స్పీడ్ బ్రేకర్ ఎక్కితేనా?

నాది వెనక కమాన్ కట్టలున్న పాత పికప్. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నర్సంపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలుతాను. తక్కిన కాలమంతా పత్తి, వడ్లు, కూరగాయలు, ముహూర్తాలుంటే షామియానా సామాను. మొన్నటి మిర్చి సీజనులో ఈ బండికి ఒక మొండి శబ్దం పట్టుకుంది. బస్తాలతో వెళ్లేటప్పుడు నోరెత్తదు. యార్డులో దించేసి గేటు దాటానో లేదో, సీసీ రోడ్డు అతుకుల మీద టక్, టక్. చూపించిన ఒక షాపులో బండి కిందికి వంగనైనా వంగకుండా నాలుగు షాకబ్జర్లూ (కుదుపును అణిచే గొట్టాలు) మార్చాలన్నారు. సరే ఆలోచిస్తానని బండి తీసుకొచ్చేశాను. దాన్ని ఎలా పట్టుకున్నానో వరుసగా చెబుతాను. మీ బండిలో జబ్బు వేరే కావచ్చు, వెతికే దారి మాత్రం ఇదే.

ముందు సస్పెన్షన్ కానివాటిని ఏరేయండి

సస్పెన్షన్ అంటే కమాన్లు, షాకబ్జర్లు, వాటిని పట్టి ఉంచే సామాను. టూల్ బాక్సులోని జాకీ, టామీ రాడ్డు, స్పానర్లు, సీటు వెనక పడేసిన గొలుసు, తాళ్లకు కట్టే కొక్కాలు అన్నీ ఇంట్లో దించేయండి. స్టెప్నీని చేత్తో పట్టుకుని ఊపండి. గొలుసు వదులైన స్టెప్నీ చేసే దబ్ శబ్దానికి షాకబ్జర్లు మార్పించుకున్నవాళ్లు నాకు తెలుసు. డాలా (వెనక బాడీ తలుపుల) గడియల మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్కలు కుక్కి, తాడుతో బిగించి కట్టండి. ఇంజను చల్లారాక సైలెన్సరును అడుగు నుంచి పిడికిలితో కొట్టి చూడండి. రబ్బరు హ్యాంగరు తెగి ఉంటే అక్కడికక్కడే బయటపడుతుంది. వెనక బాడీని ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులను కూడా వదలొద్దు. మధ్యలో రబ్బరు వేసినా చెక్క వేసినా, అది అరిగితే ఖాళీ బాడీ లేచి పడుతుంది. ఈ శబ్దం అచ్చం కమాన్ శబ్దంలాగే ఉంటుంది.

రివర్సు గేరు వేసి క్లచ్ వదలగానే ఒక్క టక్, ఫస్టు గేరులో కదలగానే ఇంకొక టక్ వస్తే, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ (ఇంజను శక్తిని వెనక చక్రాలకు చేర్చే కడ్డీ కీలు) వైపు చూడండి. వేగంతో పాటు పెరిగే హోరు చక్రం మధ్యలోని హబ్ బేరింగుది గానీ టైరుది గానీ అవుతుంది. చక్రం తిరిగే లెక్కకు సరిగ్గా టిక్కు టిక్కుమంటే టైరు గాడిలో ఇరుక్కున్న కంకర రాయి చూడండి, వెంటనే వీల్ నట్లూ చూడండి. ఈ రెండోది చూడకుండా బండి ఇంకో అడుగు కదపొద్దు.

ఖాళీ బండి ఎందుకు ఎక్కువ మాట్లాడుతుంది

షాకిల్ (కమాన్ వెనక చివరను ఛాసిస్‌కు వేలాడదీసే కీలు) పిన్ను గానీ దాని బుష్షు (పిన్ను చుట్టూ ఉండే తొడుగు) గానీ అరిగిందనుకోండి. లోడు పడితే పిన్ను ఒక వైపుకు ఒత్తుకుని కూర్చుంటుంది, ఖాళీ అయితే రోట్లో రోకలిలా ఆడుతుంది. అందుకే లోడుతో శబ్దం పోయినంత మాత్రాన బండి బాగుందని కాదు. ఖాళీగా ఉన్నప్పుడే వచ్చే టక్కుకు షాకిల్ పిన్నులు, కమాన్ కంటి (పట్టీ చివర పిన్ను దూరే చుట్ట) బుష్షులు, పట్టీలను పట్టి ఉంచే క్లిప్పులు, కట్టను యాక్సిల్‌కు, అంటే చక్రాల ఇరుసుకు, బిగించే యూ బోల్టులు మొదటి అనుమానితులు. లోడుతోనే వచ్చే శబ్దమైతే అడుగున ఉండే బంప్ రబ్బరు, బరువు పడ్డాకే పనిలోకి దిగే సహాయక పట్టీ, విరిగిన పట్టీ, బాడీకి రాసుకునే టైరు. షాకబ్జరు బుష్షు పోతే ఖాళీ, లోడు అనే తేడా పెద్దగా ఉండదు. చిన్న చిన్న ఎగుడుదిగుళ్ల మీద అదే పనిగా కొట్టుకుంటుంది. నా బండి శబ్దం బస్తాలు ఎక్కించగానే పూర్తిగా ఆగిపోతోంది కాబట్టి నాలుగు షాకబ్జర్ల సలహాను అక్కడే పక్కన పెట్టాను.

నడిపి చూసేందుకు 163వ నంబరు జాతీయ రహదారి వద్దు. ఆ వేగంలో, టైరు హోరులో చిన్న టక్కు వినపడదు. ఊళ్లోని సీసీ రోడ్డే మేలు. సెకండ్ గేరులో, అద్దాలు దించి, పాటలు ఆపి వెళ్లండి. స్పీడ్ బ్రేకర్ మీదికి ఒకసారి నిటారుగా, ఒకసారి ఏటవాలుగా, చక్రం తరువాత చక్రం ఎక్కేలా నడపండి. ఎడమ వెనక చక్రం దిగినప్పుడే వస్తే పనిలో సగం అయిపోయినట్టే. తరువాత ఖాళీ రోడ్డు చూసుకుని, మెల్లగా వెళ్తూ బ్రేకు తొక్కి వదలండి, తొక్కి వదలండి. బ్రేకు తొక్కినప్పుడల్లా యాక్సిల్ తన చోటు నుంచి కదలాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచాల్సినవి వదులైతే అప్పుడే బయటపడతాయి.

ఫోన్లు రెండుంటే ఇంకో ఉపాయం ఉంది. రెండింట్లోనూ రికార్డింగు పెట్టి, ఒక్కోదాన్ని మందపాటి సాక్సులో దూర్చి, బాడీ అడుగున కుడి ఎడమల ఒకే దూరంలో గట్టిగా కట్టండి. తిరిగే భాగాలకు, సైలెన్సరుకు దూరంగా ఉండాలి. అదే రోడ్డు మీద ఒకసారి వెళ్లొచ్చి రెండూ వినండి. ఏ వైపు గట్టిగా ఉందో చెవికి తెలియకపోయినా ఫోనుకు తెలుస్తుంది.

కిందికి దిగే ముందు కడగొద్దు

చాలామంది మెకానిక్ దగ్గరికి వెళ్తున్నామని బండిని శుభ్రంగా కడిగిస్తారు. దుమ్ముతో పాటు సాక్ష్యం కూడా కొట్టుకుపోతుంది. కదలకూడని రెండు ఇనుప ముక్కలు రాసుకుంటే అక్కడ సన్నని గోధుమ ఎరుపు పొడి రాలుతుంది. బోల్టు తల చుట్టూ, పట్టీల మధ్య, ప్లేటు అంచున ఆ పొడి కనిపిస్తే అక్కడ కదలిక ఉన్నట్టే. నా బండిలో చిక్కేమిటంటే చపాటా రకం మిర్చి పొడి కూడా ఎర్రగానే ఉంటుంది. 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ) తెచ్చుకున్న మిర్చి రంగు కదా, బండి అడుగు దాకా పాకింది. వేలితో రుద్ది చూడండి. తుప్పు పొడి గరగరలాడి, వేలికి మరకలా అంటుకుంటుంది. మిర్చి అయితే కాసేపటికి మీరు ఆ వేలు కంట్లో పెట్టుకున్నప్పుడు తెలుస్తుంది. పొడి లేకపోతే మెరుపు వెతకండి. బండి అడుగంతా మట్టి రంగులో ఉంటే ఒక్కచోట మాత్రం ఇనుము అద్దంలా మెరుస్తోందంటే, ఏదో దాన్ని రోజూ తోముతోందన్నమాట.

కిందికి దూరే ముందు బండి చదునైన గట్టి నేల మీద ఉండాలి. గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. లేపాల్సి వస్తే జాకీ లేపడానికే, బండిని నిలబెట్టాల్సింది స్టాండ్లు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు బరువుకు హఠాత్తుగా పగిలిపోతాయి. ఈ విషయంలో ఎవరు ఎంత ధైర్యం చెప్పినా వినొద్దు.

కారును మూల మీద నొక్కి వదిలి చూసినట్టు పికప్‌ను చూడలేం. ఖాళీ కమాన్ కట్ట ఇద్దరు మనుషులు ఎక్కి తొక్కినా పెద్దగా వంగదు. అందుకే నేను చక్రాలన్నీ నేల మీదే ఉంచి, మా మేనల్లుడిని బాడీ పక్కన నిలబెట్టి అటూ ఇటూ ఊపమంటాను. ఆ ఊపుకు షాకిల్ పక్కలకు ఆడుతుంది. నేను పక్క నుంచి షాకిల్ మీద అరచేయి ఆనిస్తాను. వేళ్లు సందుల్లోకి పోనివ్వను. టక్కు చెవికంటే ముందు అరచేతికి తెలుస్తుంది. షాకిల్ అయ్యాక కమాన్ ముందు చివరి కన్ను, ఆ తరువాత షాకబ్జరు పై బోల్టు, కింది బోల్టు. నా బండిలో ఈ నాలుగూ నిశ్శబ్దంగానే ఉన్నాయి. వాడు ఊపి ఊపి "మామా, ఏమీ లేదు, షాకబ్జర్లే మార్చేద్దాం" అన్నాడు.

అనుమానం షాకబ్జరు మీదే ఉంటే మార్చనక్కర్లేదు, విప్పితే చాలు. అనుమానమున్న వైపు కింది బోల్టు తీసి, షాకబ్జరును దేనికీ తగలకుండా పైకి కట్టేసి, మనుషులు లేని చోట నడక వేగంతో కొద్ది దూరం నడపండి. శబ్దం పోతే దోషి అదే, పోకపోతే దాని డబ్బు మిగిలింది. ఆ స్థితిలో రోడ్డెక్కడం మాత్రం వద్దు.

తెల్ల గీత

అన్నీ బాగున్నట్టు కనిపించి శబ్దం మాత్రం ఆగనప్పుడు నేను నమ్మేది పెయింటు. తెల్ల పెయింటు చిన్న డబ్బా, సన్నని కుంచె చాలు. కదలకూడని రెండు భాగాల అతుకు మీద తుడిచి, ఒక దాని నుంచి ఇంకొక దాని మీదికి సన్నని గీత గీయాలి. కమాన్ కట్ట పక్కల, పట్టీలన్నిటినీ దాటుకుంటూ ఒక నిలువు గీత. పై పట్టీ నుంచి యూ బోల్టు ప్లేటు మీదికి ఒకటి. ప్రతి యూ బోల్టు నట్టు నుంచి ప్లేటు మీదికి ఒకటి. బాడీ బోల్టులకూ అంతే. ఆరనిచ్చి, ఒక లోడు వేసి, ఒకసారి ఖాళీగా తిరిగొచ్చి చూడాలి.

నా బండిలో కుడివైపు గీతలన్నీ గీసినట్టే ఉన్నాయి. ఎడమవైపు, కట్టకూ ప్లేటుకూ మధ్య గీత తెగి, ప్లేటు మీది ముక్క వేలిగోరు మందం వెనక్కి జరిగింది. నట్ల మీది గీతలు చెక్కుచెదరలేదు. అంటే నట్లు తిరగలేదు, యూ బోల్టులే సాగి పట్టు వదిలాయి. ముందు కమాన్ కంటి పిన్ను మధ్య నుంచి యాక్సిల్ మధ్య దాకా రెండు వైపులా టేపు పెట్టి కొలిస్తే ఎడమవైపు కొంచెం ఎక్కువ వచ్చింది. కట్ట విప్పాక సెంటర్ బోల్టు రెండు ముక్కలుగా బయటికి వచ్చింది. పట్టీలను కలిపి పట్టుకుని, యాక్సిల్ మీది గుంటలో తల దూర్చి కూర్చునే బోల్టు అది. యూ బోల్టుల పట్టు వదిలితే భారమంతా దాని మీదే పడి తెగుతుంది. నా బండిలో కమాన్ కట్ట యాక్సిల్ పైన కూర్చుంటుంది కాబట్టి మిర్చి బస్తాల బరువే దాన్ని అదిమి పట్టింది. బస్తాలు దిగగానే యాక్సిల్ ఆడింది.

ఇది తేలితే లోడు ఎత్తొద్దు. మెయిన్ పట్టీ (చివర కన్నులుండే పొడవాటి పట్టీ) విరిగినా అంతే. యాక్సిల్ జరిగితే బండి ఒక పక్కకు లాగుతుంది, గట్టిగా బ్రేకు తొక్కిన రోజు ఎటు తిరుగుతుందో చెప్పలేం.

ముందు చక్రాలు, కిర్రుమనే శబ్దాలు

ముందు భాగం త్వరగా తేలుతుంది. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని కుదపండి. ఆడుతుంటే ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమనండి. ఆట పోతే వీల్ బేరింగు, పోకపోతే చక్రం పక్కకు తిరిగేందుకు ఆధారమైన బాల్ జాయింటు, కొన్ని బళ్లలో కింగ్ పిన్. పక్కలకు పట్టుకుని కుదిపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్లు, అంటే స్టీరింగు కడ్డీ చివరి కీళ్లు. స్ప్రింగు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి పట్టే చేయి) మీద కూర్చునే బండిలో జాకీని ఆ ఆర్మ్ కిందే పెట్టాలి. ఛాసిస్ కింద పెడితే స్ప్రింగు బాల్ జాయింటును బిగబట్టి ఆటను దాచేస్తుంది.

కిర్రుమనే శబ్దానికి ఒక్కో బుష్షు మీద సబ్బు నీళ్లు చల్లి చూడండి. ఎక్కడ చల్లితే కాసేపు ఆగిందో బుష్షు అదే. పాత ఇంజనాయిలు పూసే అలవాటు మా దగ్గర చాలామందికి ఉంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఆ తరువాత రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, నూనెకు దుమ్ము పట్టి పట్టీల మధ్య ఆకురాయి పని చేస్తుంది.

బాగు చేయించేటప్పుడు

కమాన్ పని చేసే మేస్త్రీ దగ్గరికి వెళ్తే "శబ్దం వస్తోంది, చూడు" అనకండి. "ఖాళీగా ఉన్నప్పుడు, ఎడమ వెనక చక్రం దిగితే, బ్రేకు తొక్కితే వస్తోంది, గీత ఇక్కడ తెగింది" అని చూపించండి. విప్పిన యూ బోల్టులనే మళ్లీ బిగిస్తానంటే ఒప్పుకోకండి. ఒకసారి సాగినవి మళ్లీ పట్టవు. కొత్తవాటిని ఒక్కో నట్టూ చివరిదాకా బిగించకుండా, ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. రబ్బరు బుష్షుల బోల్టుల చివరి బిగింపు చక్రాలు నేల మీద ఉండి బండి బరువు కమాన్ మీద పడ్డాకే. గాలిలో ఉండగా బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలి తిరుగుతుంది, కొత్త బుష్షు కూడా త్వరగానే చిరుగుతుంది.

కొత్త యూ బోల్టులకు కొత్త గీతలు గీయండి. పట్టీలు సర్దుకుంటాయి కాబట్టి మొదటి బరువైన లోడు దించగానే ఒకసారి, కొన్ని వందల కిలోమీటర్ల తరువాత ఇంకొకసారి నట్లు బిగించాలి. నేను మొదటిది ఎనుమాముల గేటు బయటే, టీ వచ్చే లోపు చేసేశాను. నాలుగు నట్లలో రెండు పావు మలుపు తీసుకున్నాయి.